శరణార్థి కుటుంబానికి తోడుగా వెళ్తున్నాం: ఏం అడగాలి, ఏం అడగకూడదు?

కొత్తవాలంటీర్

అందరికీ నమస్కారం. యుద్ధం నుంచి తప్పించుకొని వచ్చిన ఒక కుటుంబానికి తోడుగా ఉండే బాధ్యత మా నలుగురికి అప్పజెప్పారు. ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.

తల్లి, తండ్రి, తొమ్మిదేళ్ల పాప, అయిదేళ్ల బాబు. వచ్చి నాలుగు నెలలు. శరణు కోసం దరఖాస్తు పెట్టారు, ఇంటర్వ్యూకి ఇంకా పిలుపు రాలేదు. తండ్రి రోజంతా ఫోన్‌లో యుద్ధం వార్తలు చూస్తూ కూర్చుంటాడట, చిన్న మాటకే అరుస్తాడట. తల్లికి తలనొప్పి, ఛాతీలో బరువు, నిద్ర లేదు. పరీక్షల్లో ఏమీ తేలలేదు. బాబు మళ్లీ పక్క తడుపుతున్నాడు, తలుపు గట్టిగా పడితే మంచం కిందకి దూరుతున్నాడు. పాప అన్నీ సర్దుకున్నట్టే ఉంది. కొత్త భాష పట్టేసి, ఆఫీసుల్లోనూ ఆసుపత్రిలోనూ అమ్మానాన్నలకు తనే దుబాసీలా ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మాట చెబుతోంది. తల్లికి ఒక తమ్ముడు. ప్రయాణంలో విడిపోయాడు, ఇప్పటికీ ఆచూకీ లేదు.

జరిగింది చెప్పమని మేం అడగవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ పని చేస్తే మేలు బదులు కీడు జరుగుతుంది?

దారిదీపం

మొదటి ప్రశ్నకు జవాబు: అడగవద్దు.

మనసులోది కక్కేస్తే తేలికపడతారని అందరం అనుకుంటాం. భయంకరమైన ఘటన తర్వాత ఒకే విడతలో కూర్చోబెట్టి మొత్తం చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది. దాన్ని పరీక్షించి చూస్తే తర్వాతి జబ్బును ఆపలేదని తేలింది, కొందరికైతే ఇంకా ఎక్కువైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ పద్ధతి వద్దనే చెబుతోంది. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. జ్ఞాపకాన్ని తెరవడానికి పది నిమిషాలు చాలు. దాన్ని మళ్లీ సర్ది మూయడానికి శిక్షణ ఉన్న మనిషి, వారాల సమయం, భద్రమైన చోటు కావాలి. మీరు గంట కూర్చుని వెళ్లిపోతారు, ఆ రాత్రి మాత్రం వాళ్లదే.

అలాగని వీళ్లందరూ మానసిక రోగులని అనుకోకండి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన లెక్క ప్రకారం, సంఘర్షణ ప్రాంతాల్లో ఉన్నవారిలో సుమారు 22 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. అందులోనూ సగానికి పైగా తేలికపాటివే. అంటే ఎక్కువమందికి చికిత్స కంటే ముందు భద్రత, నిద్ర, బడి, పని, నలుగురు మనుషులు దొరకాలి. అత్యవసర పరిస్థితుల్లో మానసిక సహాయం గురించి 2007లో వివిధ సంస్థలు కలిసి తెచ్చిన మార్గదర్శకాలు కూడా దీన్ని నాలుగు అంతస్తులుగానే చూపించాయి: అడుగున కనీస అవసరాలు, భద్రత, దాని మీద కుటుంబం, సమాజం, ఆ పైన శిక్షణ పొందిన కార్యకర్తలు ఇచ్చే సాయం, కొసన నిపుణులు. మీ నలుగురి పని అడుగు రెండంతస్తుల్లో ఉంది. అది చిన్న పనేం కాదు. ఆ రెండూ లేనిదే పైవి నిలబడవు.

మొదటిసారి వెళ్లినప్పుడు మీరెవరో, ఎవరు పంపారో, వారంలో ఎన్ని గంటలు ఉండగలరో, ఏం చేయలేరో చెప్పండి. దరఖాస్తు మీద నిర్ణయం మీ చేతుల్లో లేదనీ, వాళ్లు చెప్పిన మాటలు అధికారులకు చేరవనీ చెప్పాలి. ఒక్క మినహాయింపు ఉంటుంది: ఎవరి ప్రాణానికైనా, పిల్లల భద్రతకైనా ముప్పు ఉంటే ఆ సంగతి దాచలేం. అది కూడా మొదటి రోజే చెప్పాలి. తర్వాత చెబితే నమ్మకద్రోహంలా అనిపిస్తుంది.

నలుగురూ ఒకేసారి వెళ్లకండి. ఇద్దరు చాలు, ఎప్పుడూ ఆ ఇద్దరే. వారంలో ఒకే రోజు, ఒకే వేళ, గంటకు మించకుండా. పది నిమిషాలు ఆలస్యమైనా ముందే కబురు పంపండి. ఏ క్షణాన ఏం ముంచుకొస్తుందో తెలియని బతుకు బతికొచ్చినవాళ్లకు, చెప్పిన వేళకు మనిషి రావడమే పెద్ద ఊరట. గోడకు ఒక నెల కాగితం తగిలించండి: బడి, డాక్టర్, లాయర్, మీరు వచ్చే రోజు. ఖాళీగా ఉన్న రోజులు కూడా అందులో కనబడాలి, ఆ రోజుల్లోనే మనసు వెనక్కి పరుగెడుతుంది.

తండ్రి విషయం కొంచెం వివరంగా రాస్తాను, ఎక్కువ బృందాలు ఇక్కడే తప్పు చేస్తాయి. అందరూ తల్లీపిల్లల చుట్టూ చేరి, అతన్ని ‘కోపిష్టి’ అని వదిలేస్తారు. శరణార్థుల మానసిక ఆరోగ్యం మీద పనిచేసిన డెరిక్ సిలోవ్ అనే ఆస్ట్రేలియా మనోవైద్యుడు, యుద్ధమూ వలసా మనిషిలో అయిదింటిని కూలగొడతాయన్నాడు: భద్రత, బంధాలు, న్యాయం, తనకంటూ ఉన్న పాత్ర, బతుకుకు ఒక అర్థం. ఈ తండ్రికి నాలుగోది పూర్తిగా పోయింది. పని చేయడానికి అనుమతి వచ్చి ఉండదు, భాష రాదు, తొమ్మిదేళ్ల కూతురు తనకు బదులుగా మాట్లాడుతోంది. కాబట్టి ఉత్తరాలు వస్తే అతని చేతికివ్వండి. బడి గురించి ఏ కబురైనా దుబాసీ ద్వారా ముందు అమ్మానాన్నలకు చెప్పి, పిల్లలకు వాళ్లనే చెప్పనివ్వండి. అతనికి ఏ పని వచ్చో కనుక్కొని, ఆ చేతిపని నిజంగా అవసరమైన చోట అడగండి. ఊరికే కాలక్షేపానికని ఇచ్చే పని వద్దు, అతను ఇట్టే కనిపెట్టేస్తాడు.

వార్తలు మానేయమని చెప్పకండి. ఆ ఫోనే అతని ఊరు. రోజుకు రెండు వేళలు పెట్టుకోమనండి, అరగంట చొప్పున, పడుకునే ముందు మాత్రం వద్దు. వీడియోల కంటే రాత వార్తలు నయం. పిల్లల ముందు శబ్దం వినబడకూడదు.

కోపం చెయ్యెత్తేదాకా వెళ్తోందా అన్నది వేరే ప్రశ్న. అది తల్లిని ఒంటరిగా, బయటి మహిళా దుబాసీతో అడగాలి. భర్త ఎదుట, పిల్లల ద్వారా ఎప్పుడూ వద్దు. అవునంటే అది మీరు సర్దిచెప్పే వ్యవహారం కాదు. గృహహింస సేవలకు అప్పగించాలి. ఆమె ఎప్పుడు, ఎలా కదలాలో ఆమె నిర్ణయమే.

రెండుభాషలు

పాప సంగతి ముందు చూడండి. ‘అన్నీ సర్దుకున్నట్టే ఉంది’ అన్న పిల్ల మీదే ఇంటి బరువంతా ఉంటుంది.

పిల్లల చేత మాట చెప్పించడం రేపటి నుంచే ఆపాలి. డాక్టర్ దగ్గర తల్లి తన నొప్పిని కూతురి ముందు తగ్గించి చెబుతుంది, కూతురు భయపడి ఇంకొంచెం తగ్గిస్తుంది. డాక్టర్‌కు చేరేది సగమే. చెడ్డ కబురైతే ముందు వినేది పాపే. పైగా ఆఫీసులో ఏదైనా కాకపోతే ‘నేను సరిగ్గా చెప్పలేదు’ అని ఆ చిన్న ప్రాణం మోస్తుంది. అలాగని ఒక్కసారిగా పక్కన పెట్టేస్తే తప్పు చేసిందేమో అనుకుంటుంది. ‘ఇన్నాళ్లూ చాలా సాయం చేశావు, ఇకనుంచి ఆ పని పెద్దవాళ్లది’ అని అమ్మానాన్నలే ఆమెతో అనాలి.

దుబాసీని కుదుర్చుకునేటప్పుడు భాష ఒక్కటే చూస్తే సరిపోదు. ఒకే భాష మాట్లాడేవాళ్లు యుద్ధంలో ఎదురెదురు పక్షాల్లో ఉండవచ్చు. యాసను బట్టే ఎవరు ఏ ప్రాంతమో, ఏ తెగో తెలిసిపోతుంది. చిన్న సమాజమైతే దుబాసీ వాళ్లకు తెలిసినవాడే కావచ్చు, అప్పుడు ఒక్క నిజం కూడా బయటికి రాదు. ఈ భాష, ఈ యాస, ఆడా మగా ఎవరైతే సుఖం, ఎవరు వద్దు అని కుటుంబాన్నే ముందు అడగండి. ఊళ్లో దొరక్కపోతే దూరం నుంచి ఫోన్‌లో పనిచేసే దుబాసీ మేలు. పేరు చెప్పకుండా మాట్లాడవచ్చు.

కలిసే ముందు దుబాసీతో పది నిమిషాలు విడిగా మాట్లాడండి: ఏ విషయం వస్తుంది, ఏ మాటలు కష్టం, ఎక్కడ ఆపాలి. ముగ్గురూ త్రికోణంలో కూర్చోవాలి. మీరు చూడాల్సింది కుటుంబం వైపు. ‘ఆమెను ఎలా ఉందో అడుగు’ అనకండి, ‘మీకు ఎలా ఉంది’ అని ఆమెతోనే అనండి. దుబాసీ కూడా ‘నేను’ అనే చెప్పాలి. ఒకటి రెండు వాక్యాలు మాట్లాడి ఆగండి. మామూలు సంభాషణకు పట్టే సమయానికి రెట్టింపు కేటాయించుకోండి, అరగంటలో ముగించాలని చూస్తే దుబాసీ సారాంశం చెప్పడం మొదలుపెడతారు, అసలు విషయం అక్కడే జారిపోతుంది. అయిపోయాక మళ్లీ అయిదు నిమిషాలు దుబాసీకి ఇవ్వండి. చాలామంది దుబాసీలు కూడా ఆ దారిన వచ్చినవాళ్లే.

మాటల గురించి ఒక సంగతి. ‘ట్రామా’, ‘డిప్రెషన్’ అన్న పదాలు చాలా భాషల్లోకి వెళ్లేసరికి ‘పిచ్చి’ అయిపోతాయి. ఆ మాట వినబడిందంటే కుటుంబం తలుపు మూసేస్తుంది. జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేవాళ్లు ఇదే బాధను ‘కుఫుంగిసిస’ అంటారు, అతిగా ఆలోచించడం అని. గుండె బరువు, తలలో వేడి, ప్రాణం నిలవకపోవడం... వాళ్లు ఏ మాట వాడితే మీరూ ఆ మాటే వాడండి.

కొత్తవాలంటీర్

చాలా చాలా కృతజ్ఞతలు. పాప మాట చెప్పడం ఆపడం గురించి రేపే మాట్లాడతాం. రాత్రుళ్ల గురించి, బాబు గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? సైరన్ వినబడితే పిల్లాడు బిగుసుకుపోయి పలకడట. అప్పుడు పక్కనున్నవాళ్లు ఏం చేయాలి?

నిద్రగన్నేరు

బిగుసుకుపోయినప్పుడు వాడికి ఆ పాత చోటే కళ్ల ముందు ఉంటుంది. మీ పనల్లా వాడిని ఈ గదిలోకి తేవడం. వెనక నుంచి పోవద్దు, అడగకుండా ముట్టుకోవద్దు, గట్టిగా కదపవద్దు. వాడి ఎత్తుకు కూర్చుని, ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, నెమ్మదైన గొంతుతో పేరు పెట్టి పిలవండి. తల్లి ఉంటే ఆమె గొంతే మేలు, ఇంటి భాషలోనే. ‘ఇది మన గది. ఆ చప్పుడు రోడ్డు మీద వెళ్లే బండిది. మనం ఇక్కడ ఉన్నాం.’ పాదాలు నేలకు గట్టిగా నొక్కమనండి, చేతిలో చల్లటిదో గరుకుదో ఏదైనా పెట్టండి. గదిలో ఎర్రగా ఉన్నవి లెక్కపెట్టమనండి. పెద్దవాళ్లతో అయితే కనిపించేవి అయిదు, తగిలేవి నాలుగు, వినబడేవి మూడు, అలా దిగుతూ రావచ్చు. ఈ వరసలో తర్వాత వచ్చే వాసనల అంకె మాత్రం వదిలేయండి. కాలిన వాసనో డీజిల్ వాసనో గుర్తుకొస్తే మళ్లీ మొదటికొస్తుంది. తేరుకున్నాక ‘ఏం కనబడింది?’ అని అడగకండి. అలసట ఉంటుంది, సిగ్గు ఉంటుంది. నీళ్లిచ్చి కాసేపు పక్కన ఉంటే చాలు.

ఈ ఉపాయాలు భయం వచ్చినప్పుడు నేర్పితే పనిచేయవు. ప్రశాంతంగా ఉన్న వేళ రోజుకు రెండుసార్లు, అయిదేసి నిమిషాలు ఆటలా సాధన చేయించాలి.

ఊపిరి సాధన అందరూ చెబుతారు. మూడు లెక్కపెట్టేదాకా పీల్చి, మూడు లెక్కపెట్టేదాకా వదలడం. పొట్ట కదలాలి, భుజాలు కాదు. రెండు జాగ్రత్తలు ఉన్నాయి. కళ్లు మూసుకోమనకండి. కళ్లు మూస్తే చాలామందికి అక్కడి దృశ్యాలే వస్తాయి, తెరిచి నేల మీద ఒక చోట చూడమంటే సరి. రెండోది, ఊపిరాడకుండా చేసిన హింసను, నీళ్లలో మునగడాన్ని అనుభవించినవాళ్లకు ఊపిరి మీద ధ్యాస పెడితేనే భయం ముంచుకొస్తుంది. సాధన మొదలైన నిమిషంలోనే ముఖం పాలిపోయినా, ఊపిరి వేగం పెరిగినా ఆపేసి, పాదాలు, చేతులు, చుట్టూ ఉన్న వస్తువుల మీదికి మళ్లించండి.

పక్క తడపడం గురించి. అంతకుముందు పొడిగా ఉండే పిల్లాడు మళ్లీ తడుపుతున్నాడంటే ముందు డాక్టర్ చూడాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, అరుదుగా మధుమేహం. అవేవీ కాకపోతే భయం వల్లే. తిట్టకూడదు, నలుగురిలో మాట్లాడకూడదు, తడవని రోజుకు బహుమానం అనీ పెట్టకూడదు, అది వాడి చేతిలో లేని పని కదా. పగలు నీళ్లు బాగా తాగనివ్వండి, పడుకునే ముందు గంటన్నర నుంచి తగ్గించండి. పడుకునే ముందు మూత్రానికి తీసుకెళ్లండి. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా చిన్న దీపం ఉండాలి. చాలాసార్లు లేవకపోవడానికి కారణం చీకటి నడవానే. పరుపు మీద జలనిరోధక గుడ్డ, దాని మీద దుప్పటి, మళ్లీ ఇంకో జత అదే వరసలో పరిస్తే అర్ధరాత్రి పైజత లాగేసి నిమిషంలో మళ్లీ పడుకోవచ్చు. తల్లి నిద్ర కూడా మిగులుతుంది.

పిల్లాడు బొమ్మలతో బాంబులాటే మళ్లీ మళ్లీ ఆడుతుంటే ఆపకండి. అయితే ఆట ప్రతిసారీ ఒకేలా ముగిసి, వాడు ఇంకా బిగుసుకుపోతుంటే పక్కన కూర్చుని ‘ఇప్పుడు సాయానికి ఎవరు వస్తారు?’ అని ఒక్క ప్రశ్న వేయండి. ఆట కదలడం మొదలవుతుంది. బడికి ముందే చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి మంటల హెచ్చరిక గంట సాధన. ఆ రోజు ఎప్పుడో ముందే తెలుసుకొని పిల్లాడికి చెప్పాలి, ఆ సమయానికి టీచర్ పక్కన ఉండాలి. తలుపు కనబడేలా, వెనక ఎవరూ లేకుండా కూర్చునే చోటు ఇస్తే ఉలికిపాట్లు కొంత తగ్గుతాయి.

తల్లి నిద్ర. రాత్రి దాడులు జరిగిన చోటి నుంచి వచ్చినవాళ్లకు రాత్రి మెలకువగా ఉండటం కాపలా. ‘పడుకోండి’ అంటే కాపలా వదిలేయమన్నట్టే. ఎవరు ఎప్పటిదాకా మేలుకోవాలో భార్యాభర్తలు వంతులు వేసుకుంటే ఇద్దరికీ నాలుగు గంటలైనా దక్కుతాయి. ఇదేదో విచిత్రమైన సలహా అనిపించవచ్చు, కానీ మొదటి నెలల్లో ఇది కొందరికి పనికొస్తుంది. తలుపు గడియ పడుకునే ముందు ఒక్కసారి కలిసి చూడటం, గదిలో సన్నటి వెలుగు, లేచే వేళ మాత్రం రోజూ ఒకటే. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి కూర్చోవాలి.

ఒకే పీడకల పదేపదే వస్తుంటే పగటిపూట ఆ కలకు వేరే ముగింపు అల్లి, రోజూ పది నిమిషాలు ఆ కొత్త కలను మనసులో చూసుకునే పద్ధతి ఉంది. మరీ భయంకరమైన కలతో మొదలుపెట్టకూడదు. ఇది కౌన్సెలర్ దగ్గర నేర్చుకుంటే మంచిది.

మాత్రల గురించి కూడా: ఘటన జరిగిన మొదటి నెలలో వచ్చే ఒత్తిడి లక్షణాలకు, నిద్రలేమికి బెంజోడయాజెపైన్ రకం మందులు (ఆందోళన తగ్గించి మత్తుగా నిద్ర పట్టించేవి) ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో ఉంది. తర్వాత కూడా అవి త్వరగా అలవాటవుతాయి. ఇప్పటికే వాడుతుంటే మాత్రం ఉన్నట్టుండి ఆపించకండి, మూర్ఛలు రావచ్చు. డాక్టరే మెల్లగా తగ్గించాలి.

ఆమె తలనొప్పి ‘అంతా మనసులోనే’ అని ఎవరూ అనకుండా చూడండి. నొప్పి నిజం. తలకు దెబ్బలు తగిలాయా అని డాక్టర్ అడిగారో లేదో కనుక్కోండి. రక్తహీనత, థైరాయిడ్, పళ్ల సమస్య కూడా చూసి ఉండాలి. ఆసుపత్రులు మారకుండా ఒకే డాక్టర్ దగ్గరికి వెళ్లేలా చూస్తే ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పే బాధ తప్పుతుంది.

చివరిబెంచీ

దారిదీపం గారూ, అడగవద్దన్నది ఒప్పుకుంటాను. కానీ వాళ్లే చెప్పడం మొదలుపెడితే? కొత్తవాళ్లు భయపడిపోయి మాట మార్చేస్తారు. ‘నా బాధ వినడానికి కూడా ఎవరూ లేరు’ అనిపిస్తుంది. అదీ గాయమే కదా.

దారిదీపం

నిజం, అది రాయాల్సింది. చెబితే వినండి. ప్రశ్నలతో లోతుకు లాగకండి, తప్పించుకోనూ వద్దు. ‘ఎంతమంది? ఎవరు చేశారు? తర్వాత?’ అన్నవి విచారణ అధికారి ప్రశ్నలు. ‘ఇది ఇంతకాలం మీరే మోశారు’, ‘ఇప్పుడు ఆపాలనుందా, చెప్పాలనుందా?’ అన్నవి తోడు మాటలు. పిల్లలు వినే దూరంలో ఉంటే ముందు వాళ్లను ఇంకో గదికి పంపండి. వెళ్లే వేళకు పదిహేను నిమిషాల ముందే మాటను ఇవాళ్టిలోకి తీసుకురండి: రాత్రికి వండేదేమిటి, రేపు బడికి ఎవరు తీసుకెళ్తారు. చివరి నిమిషంలో బయటపడిన సంగతి మధ్యలో లేచి రాకూడదు. అలా జరిగితే ఆ సాయంత్రమే ఫోన్ చేయండి.

‘నాకు అర్థమైంది’, ‘కనీసం మీరు బతికారు’, ‘కాలమే మాన్పుతుంది’. ఈ మూడూ నోట రాకూడదు.

లోతైన పని చేసే పద్ధతులు వేరే ఉన్నాయి. కథనం మీద ఆధారపడిన ఒక చికిత్సలో నేల మీద తాడు పరిచి, పుట్టుక నుంచి ఇప్పటిదాకా మంచి ఘట్టాలకు పూలు, చెడ్డవాటికి రాళ్లు పెట్టిస్తారు. తర్వాత వరసగా కొన్ని వారాలు ఒక్కో రాయినీ మాటల్లోకి తెస్తారు. చివర మొత్తం రాసి వాళ్ల చేతికిస్తారు. చూడటానికి తేలిగ్గా ఉంటుంది కాబట్టి కొందరు వాలంటీర్లు తాడు, రాళ్లు తెచ్చి మొదలుపెడతారు. దయచేసి వద్దు. రాయి మీద ఆగిపోయిన మనిషిని ముందుకు తేవడం నేర్చుకున్నవాళ్లే చేయాలి.

నిపుణులు కాకపోయినా శిక్షణతో చేయదగినది కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో విడుదల చేసిన ‘ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్’: వారానికి ఒకటి చొప్పున అయిదు విడతలు, ఒక్కొక్కటి గంటన్నర. ఊపిరి సాధన, పరిష్కరించగల సమస్యను ఎంచుకొని ముక్కలు చేయడం, ఆగిపోయిన పనులను మెల్లగా మళ్లీ మొదలుపెట్టడం, తోడును బలపరచుకోవడం. అందులో గతం తవ్వడం ఉండదు. పర్యవేక్షణ లేకుండా మాత్రం నడపకూడదు.

ఆనవాలు

తమ్ముడి గురించి ఎవరూ రాయలేదు. నాకైతే ఆ తల్లి ఛాతీ బరువులో పెద్ద పాలు అదే అనిపిస్తోంది.

చనిపోయాడో బతికాడో తెలియకపోతే ఏడవడానికీ లేదు, ఆశ వదలడానికీ లేదు. అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ దీనికి పేరు పెట్టి దశాబ్దాలు పనిచేశారు. తెలుగులో తేల్చుకోలేని నష్టం అనుకోవచ్చు. ‘తప్పక దొరుకుతాడు’ అనకండి, ‘ఇక మనసు రాయి చేసుకోండి’ అనీ అనకండి. రెండూ ఆమె మీద ఒక నిర్ణయాన్ని రుద్దడమే. ‘అతను ఉండవచ్చు, లేకపోవచ్చు, రెంటితోనూ ఇవాళ గడవాలి’ అన్నదే నిజం, ఆమె నోటి నుంచి వచ్చేదాకా ఆగండి. అతని గురించి వర్తమానంలో మాట్లాడితే మీరూ వర్తమానంలోనే మాట్లాడండి.

చేయగలిగిన పని: రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ సంఘాలు విడిపోయిన కుటుంబాలను వెతికే సేవ ఉచితంగా నడుపుతాయి. 1870 ఫ్రాన్స్–ప్రష్యా యుద్ధంలో మొదలైన పని అది. మీరున్న దేశపు సంఘంలో దరఖాస్తు పెట్టాలి. పూర్తి పేరు (ఇంటి భాష లిపిలో కూడా), తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, ఊరు, చివరిసారి చూసిన చోటు, తేదీ, వెంట ఉన్నవాళ్లు, పుట్టుమచ్చలు, పాత ఫొటో సిద్ధం చేసుకోండి. పేరు అక్షరాలు ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్నీ రాయించండి, సరిహద్దుల్లో పేర్లు తప్పుగా నమోదై వెతుకులాట అక్కడే తెగిపోతుంది. ఈ వివరాలు గుర్తుచేసుకోవడమే ఆమెను కుదిపేస్తుంది, ఒకే రోజు పూర్తి చేయాలని చూడవద్దు. నెలలు పట్టవచ్చనీ, ఏమీ తేలకపోవచ్చనీ ముందే చెప్పండి.

తమ్ముడి ఫొటోను సోషల్ మీడియాలో పెట్టనివ్వకండి. అతను దాక్కుని ఉంటే వెతుకుతున్నవాళ్లకు దారి చూపినట్టవుతుంది. ఇంకో ప్రమాదం, ‘మీ తమ్ముడు మా దగ్గరున్నాడు, డబ్బు పంపండి’ అనే ఫోన్లు. ఇంట్లో వాళ్లకు మాత్రమే తెలిసిన ఒక ప్రశ్న ముందే అనుకోండి, దానికి జవాబు రాకుండా ఎవరితోనూ డబ్బు మాట ఎత్తకూడదు. జవాబు వచ్చినా డబ్బు పంపే ముందు లాయర్‌తోనో రెడ్‌క్రాస్ వాళ్లతోనో మాట్లాడాలి. నిజంగానే బందీగా ఉండే అవకాశమూ ఉంది.

రెండుభాషలు

ఇంటర్వ్యూ గురించి కొంచెం. వాళ్ల కథను మీరు రాసిపెట్టకండి, దిద్దకండి, బట్టీ పట్టించకండి. దెబ్బతిన్న జ్ఞాపకం వరసగా రాదు. వాసన, చప్పుడు స్పష్టంగా ఉంటాయి, తేదీ ఉండదు. అధికారులు తేడాలను అబద్ధాలుగా చూసే ప్రమాదం ఉంది కాబట్టి, తేడా ఎందుకు వస్తుందో లాయర్ ముందే రాతపూర్వకంగా పెట్టాలి. తేదీలు తెలియకపోతే ఊహించి చెప్పవద్దు, ‘కోతల కాలం’, ‘పాప పుట్టిన ఏడాది’ అని తెలిసినంతే చెప్పాలి. దుబాసీ మాట అర్థం కాకపోతే అక్కడికక్కడే చెప్పాలి. అది వాళ్ల హక్కు.

హింసకు గురైన ఆనవాళ్లుంటే, వాటిని పరీక్షించి నమోదు చేసే అంతర్జాతీయ పద్ధతి అయిన ఇస్తాంబుల్ ప్రొటోకాల్ ప్రకారం వైద్య నివేదిక రాయగల డాక్టర్‌ను లాయర్ ద్వారా వెతకండి. 1999లో వచ్చిన ఆ పద్ధతిని 2022లో సవరించారు. మచ్చలు మానిపోతాయి, ఆలస్యం చేయవద్దు. కానీ పరీక్ష గది, పడుకోబెట్టడం, ఒంటికి తీగలు తగిలించే ఈసీజీ, పళ్ల డాక్టర్ కుర్చీ లాంటివే కొందరిని హింస జరిగిన గదిలోకి తిరిగి పడేస్తాయి. ప్రతి అడుగూ ముందు చెప్పి, చెయ్యెత్తితే ఆపుతామని ఒప్పందం చేసుకోమని డాక్టర్‌ను అడగండి.

ఇంటర్వ్యూ రోజు పిల్లలను తెలిసినవాళ్ల దగ్గర ఉంచండి. తల్లీతండ్రీ చెప్పేది వాళ్లు వినకూడదు. దారి ముందురోజే ఒకసారి చూసి రండి. ఆ రాత్రీ మర్నాడూ పీడకలలు పెరుగుతాయని ముందే చెబితే, అవి వచ్చినప్పుడు ‘మళ్లీ మొదలైంది’ అని భయపడరు.

నిద్రగన్నేరు

తిరస్కరణ లేఖ వచ్చే రోజుకు కూడా ముందే ఏర్పాటు ఉండాలి. 1951 శరణార్థుల ఒప్పందంలో 33వ అధికరణం ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదంటుంది. అయినా ఆ కాగితం చేతికందినప్పుడు కళ్ల ముందు కనబడేది తిరుగు ప్రయాణమే. లేఖను ఒంటరిగా తెరవవద్దని, ముందు లాయర్‌కు ఫోన్ చేయమని చెప్పి ఉంచండి. అప్పీలు గడువు చాలా చోట్ల రోజుల్లోనే ఉంటుంది.

ఆ వారంలో గానీ, ఎప్పుడైనా ‘నేను లేకపోతే వీళ్లకు నయం’ లాంటి మాట వినబడితే గానీ సూటిగా అడగండి: ‘ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా?’ అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఎలా, ఎప్పుడు అని కూడా ఆలోచించారా అని అడగాలి. ఆలోచించి ఉంటే ఒంటరిగా వదలకండి, మందులూ పదునైనవీ అందకుండా తీసేయండి, ఆ రోజే అత్యవసర వైద్య సేవకు తీసుకెళ్లండి. రహస్యంగా ఉంచుతామని మాటివ్వకండి.

వెంటనే నిపుణుల దగ్గరికి వెళ్లాల్సినవి ఇంకొన్ని: లేనివి వినబడటం, కనబడటం, రోజుల తరబడి తిండి మానేయడం, మద్యంతోనే నిద్ర, పిల్లల బాగోగులు చూసుకోలేనంత కుంగుబాటు. ఇవేవీ లేకపోయినా, నెల దాటి పీడకలలు, జరిగింది గుర్తుచేసేవాటిని తప్పించుకు తిరగడం, ఎప్పుడూ ఉలికిపాటు తగ్గకుండా రోజువారీ పనులు ఆగిపోతుంటే చూపించాలి.

కొత్తవాలంటీర్

అన్నీ రాసుకున్నాను. ఒక్కటి మిగిలింది. మాలో ఒకరు మూడు నెలల తర్వాత వేరే ఊరు వెళ్లిపోతున్నారు. వాళ్లు ఇప్పుడు మొదలుపెట్టవచ్చా?

దారిదీపం

ఇంటికి వెళ్లే ఇద్దరిలో వారిని పెట్టకండి. ఫారాలు నింపడం, అపాయింట్‌మెంట్లు కుదర్చడం, వెతుకులాట దరఖాస్తు లాంటి వెనకపని ఇవ్వండి. ఇప్పటికే కుటుంబం అలవాటుపడి ఉంటే వెళ్లే తేదీ మొదటి రోజే చెప్పాలి, గోడ మీది కాగితంలో రాయాలి. కనీసం మూడుసార్లు పాతవారూ కొత్తవారూ కలిసి వెళ్లాలి. చివరిసారి వెళ్లినప్పుడు పిల్లలకు వీడ్కోలు చెప్పి రావాలి. వీళ్ల జీవితంలో మనుషులు చెప్పకుండానే మాయమయ్యారు.

మీ నలుగురూ కూడా రెండు వారాలకోసారి గంటసేపు కూర్చోండి, అనుభవమున్న ఒకరు పక్కన ఉంటే మంచిది. వాళ్ల కలలు మీ కలల్లోకి వస్తున్నా, ఫోన్ మోగితే గుండె జారుతున్నా, వారం పొడుగునా వాళ్ల ఇంటికే వెళ్లాలనిపిస్తున్నా ఆ రోజే చెప్పుకోవాలి. గంటలు తగ్గించుకోవాల్సి వస్తే తగ్గించండి, కానీ వెళ్లే రోజునూ వేళనూ మార్చకండి.